అలాన్ ట్యూరింగ్

అలాన్ మాథిసన్ ట్యూరింగ్ (జూన్ 23, 1912 - జూన్ 7, 1954) ప్రసిద్ధ ఆంగ్ల గణిత శాస్త్రవేత్త, తర్కశాస్త్ర పండితుడు, గూఢలిపి నిపుణుడు మరియు కంప్యూటరు శాస్త్రానికి ఆద్యులలో ఒకడు. ఒకే యంత్రం తగిన ఆదేశాలతో మరే గణన యంత్రం పనినైనా చేయగలదని ఇరవై నాలుగేళ్ళ వయసులో నిరూపించాడు. ఒక ప్రోగ్రాము నడిచినపుడు ఏమి చేస్తుందో ముందుగానే తప్పక చెప్పగల సార్వత్రిక పద్ధతి ఏదీ ఉండదని కూడా అదే వ్యాసంలో చూపాడు. ఎవరు వ్రాసారో తెలియని, నమ్మదగని ప్రోగ్రామును హాని కలగకుండా నడపటానికి నేటి కంప్యూటర్లు దానిని ఒక ఏకాంత ఆవరణలో ఉంచి నడుపుతాయి. ఈ పద్ధతి ఎందుకు సాధ్యమో, ఎందుకు అవసరమో తెలిపే మూల సిద్ధాంతాలు ఈ రెండే.

రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మనీ వారి ఎనిగ్మా గూఢలిపిని ఛేదించటంలో ఇతని పాత్ర ప్రధానమైనది. ఇతని తల్లిదండ్రులు చాలాకాలం తెలుగు జిల్లాలలో నివసించిన సంగతి మన పాఠకులలో కొద్దిమందికే తెలుసు.

తెలుగు దేశంతో సంబంధం

అలాన్ తండ్రి జూలియస్ మాథిసన్ ట్యూరింగ్ ఇండియన్ సివిల్ సర్వీసు ఉద్యోగి. 1896లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉద్యోగంలో చేరి, మొదట బళ్ళారి, కర్నూలు, విశాఖపట్టణం జిల్లాలలో అసిస్టెంటు కలెక్టరుగా, మేజిస్ట్రేటుగా పనిచేసాడు. తల్లి ఎథెల్ సారా స్టోనీ కోయంబత్తూరు సమీపంలోని పోదనూరులో జన్మించింది. ఆమె తండ్రి ఎడ్వర్డ్ వాలర్ స్టోనీ మద్రాసు రైల్వేలో చీఫ్ ఇంజనీరు. తుంగభద్ర నదిపై రైలు వంతెన నిర్మాణం ఆయన పర్యవేక్షణలోనే జరిగింది. చప్పుడు చేయని పంకా చక్రం ఒకటి కనిపెట్టి దానిపై హక్కులు కూడా పొందాడు. మనుమనికి యంత్రాలపై కలిగిన ఆసక్తి ఇటువైపు నుండి వచ్చినదే కావచ్చును.

జూలియస్, ఎథెల్‌ల వివాహం అక్టోబరు 1, 1907న డబ్లిన్ నగరంలో జరిగింది. 1908 ఆరంభంలో వారు భారతదేశానికి వచ్చారు. పెద్దకుమారుడు జాన్ అదే సంవత్సరం సెప్టెంబరులో నీలగిరులలోని కూనూరులో పుట్టాడు. ఆ తరువాత జూలియస్ ఉద్యోగరీత్యా కుటుంబం పార్వతీపురం, విశాఖపట్టణం, అనంతపురం, బెజవాడ, చికాకోలు (నేటి శ్రీకాకుళం), కర్నూలు మొదలైన ఊళ్ళలో మకాము వేసింది. 1911 మార్చిలో వారు గంజాం జిల్లా ఛత్రపురం చేరారు. ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే వరకు, అనగా 1936 వరకు, గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. అలాన్‌ను తల్లి గర్భం ధరించినది ఛత్రపురంలో ఉన్నప్పుడే. కాన్పుకు ఆమె ఇంగ్లండు వెళ్ళగా, లండను నగరంలోని మైడావేల్ ప్రాంతంలో అలాన్ జన్మించాడు.

బాల్యం, విద్యాభ్యాసం

ఇక్కడి ఎండలు, రోగాలు పసివారికి పడవనే భయం ఆనాటి ఆంగ్ల అధికారులకు ఉండేది. పిల్లలను స్వదేశంలో ఎవరి సంరక్షణలోనైనా వదలి రావటం వారిలో ఆచారం. అలాన్, అతని అన్న ఇంగ్లండు దక్షిణ తీరాన హేస్టింగ్స్ సమీపంలోని సెయింట్ లెనార్డ్స్‌లో వార్డ్ అనే విశ్రాంత కర్నలు దంపతుల ఇంట పెరిగారు. తల్లిదండ్రులు సెలవులపై వచ్చినపుడు చూచినదే చూపు. తండ్రి 1920లలో ఉద్యోగం విడిచే వరకు ఈ ఎడబాటు కొనసాగింది.

1926లో పదమూడేళ్ళ వయసులో అలాన్‌ను షెర్‌బోర్న్ పాఠశాలలో చేర్చారు. బడి తెరిచే సమయానికి దేశమంతటా సార్వత్రిక సమ్మె జరిగి రైళ్ళు నిలిచిపోయాయి. ఓడ దిగిన సౌతాంప్టన్ రేవు నుండి అరవై మైళ్ళకు పైగా దూరం సైకిలుపై ఒంటరిగా ప్రయాణించి, నడుమ ఒక సత్రంలో రాత్రి గడిపి బడికి చేరుకొన్నాడు. ఆ పాఠశాల ప్రాచీన భాషలకు ఇచ్చిన గౌరవం గణితానికి ఇవ్వలేదు. చేతివ్రాత బాగా లేదనీ, మెట్టుమెట్టుగా లెక్క చూపక జవాబు వ్రాస్తాడనీ అతనిపై ఉపాధ్యాయుల ఫిర్యాదులు ఉండేవి.

అక్కడే క్రిస్టఫర్ మార్కమ్ అనే తోటి విద్యార్థితో గాఢమైన స్నేహం కలిగింది. ఇద్దరూ ఖగోళశాస్త్రం, రసాయనశాస్త్రం గురించి గంటల తరబడి ముచ్చటించుకొనేవారు. మార్కమ్ చిన్నతనంలో రోగపు ఆవు పాలు త్రాగి క్షయ బారిన పడినవాడు. ఫిబ్రవరి 13, 1930న మరణించాడు. మనసు శరీరం అనే యంత్రానికి ఏ విధంగా అంటిపెట్టుకొని ఉంటుందనే ప్రశ్న అప్పటి నుండి అలాన్‌ను వదలలేదు. మార్కమ్ తల్లికి అతడు చాలాకాలం ఉత్తరాలు వ్రాస్తూ ఉన్నాడు.

1931లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు కింగ్స్ కళాశాలలో చేరి 1934లో ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు. సంభావ్యతా శాస్త్రంపై వ్రాసిన పరిశోధనకు 1935లో, ఇరవై రెండేళ్ళకే, ఆ కళాశాల ఫెలోషిప్ లభించింది.

సార్వత్రిక యంత్రం

1935లో మాక్స్ న్యూమన్ అనే ఆచార్యుడు గణిత పునాదులపై చేసిన ఉపన్యాసాలకు ట్యూరింగ్ హాజరయ్యాడు. జర్మను గణితవేత్త డేవిడ్ హిల్బర్ట్ 1928లో లేవనెత్తిన నిర్ణయ సమస్య గురించి అక్కడ విన్నాడు. ఏ గణిత వాక్యాన్ని ఇచ్చినా అది నిరూపింపదగినదో కాదో యాంత్రికంగా తేల్చే పద్ధతి ఉన్నదా అన్నది ఆ సమస్య. దీనికి జవాబు చెప్పవలెనంటే యాంత్రికమైన పద్ధతి అనగా ఏమిటో మొదట నిర్వచించాలి. ట్యూరింగ్ ఆ పని అత్యంత సరళంగా చేసాడు.

అతడు ఊహించిన యంత్రానికి గడులుగా విభజింపబడిన అంతులేని కాగితపు పట్టీ ఒకటి ఉంటుంది. యంత్రం ఒకసారికి ఒక గడిని మాత్రమే చూడగలదు. అందులోని గుర్తును చదివి, తన అప్పటి స్థితిని బట్టి, ఆ గుర్తును మార్చటమో, ప్రక్క గడికి జరగటమో, స్థితిని మార్చుకోవటమో చేస్తుంది. ఏ స్థితిలో ఏ గుర్తు కనబడితే ఏమి చేయాలో తెలిపే పట్టిక ఒకటి ఉంటుంది. ఆ పట్టికయే యంత్రానికి సర్వస్వం. కాగితం, పెన్సిలు పట్టుకొని లెక్కలు చేసే గుమాస్తా చేయగల పనులన్నీ ఈ యంత్రం చేయగలదని ట్యూరింగ్ వాదించాడు. అప్పట్లో ఆంగ్లంలో కంప్యూటర్ అంటే అటువంటి గుమాస్తా అనే అర్థం.

పట్టిక కూడా కొన్ని గుర్తుల వరుసే కదా. కాబట్టి ఏ యంత్రం పట్టికనైనా ఒక సంఖ్యగా మార్చి కాగితపు పట్టీపై వ్రాయవచ్చు. అలా వ్రాసిన వివరణను చదువుకొంటూ, ఆ యంత్రం ఏ అడుగు తర్వాత ఏ అడుగు వేసేదో సరిగ్గా అలాగే అనుకరించే యంత్రాన్ని ట్యూరింగ్ నిర్మించి చూపాడు. దీనికి సార్వత్రిక యంత్రమని పేరు. అదివరకు కూడికకు ఒక యంత్రం, నేతకు ఒక యంత్రం అన్నట్లుగా పనికొక యంత్రం కావలసి ఉండేది. ఇకపై యంత్రం ఒకటే, మారేది ఆదేశాల వరుస మాత్రమే. ప్రోగ్రాము కూడా దత్తాంశమే అన్న ఈ దృష్టి నుండే నేటి కంప్యూటర్లు, వాటిలో నడిచే సాఫ్టువేరు వచ్చాయి.

ఇందులో మరొక విశేషం ఉన్నది. అనుకరింపబడే యంత్రం అతిథి, అనుకరించే యంత్రం ఆతిథేయి అనుకొందాము. అతిథి తనంత తానుగా ఏ గడిలోనూ గుర్తు వేయలేదు. అతిథి వేయదలచిన ప్రతి గుర్తునూ ఆతిథేయియే తన చేతితో, తాను కేటాయించిన గడులలోనే వేస్తుంది. అతిథి తాను స్వతంత్రంగా ఉన్నట్లే నడుస్తుంది గాని దాని లోకమంతా ఆతిథేయి గీసిన గిరిలోపలే ఉంటుంది. ట్యూరింగ్ దీనిని భద్రత కోసం ఆలోచించలేదు. 1936లో దొంగ ప్రోగ్రాముల మాట అటుంచి, ప్రోగ్రాము పెట్టగల కంప్యూటరే లేదు. అయినా నేడు ఒక కంప్యూటరు లోపల మరొక కంప్యూటరు ఉన్నట్లు భ్రమ కలిగించే కాల్పనిక యంత్రాలన్నింటికీ ఈ నిర్మాణమే మాతృక.

తేల్చరాని ప్రశ్న

వ్యాసం రెండవ భాగంలో ట్యూరింగ్ ఈ యంత్రాలు చేయలేనిది ఏమిటో చూపాడు. ఇచ్చిన యంత్రం గుర్తులు వ్రాస్తూ ముందుకు సాగుతుందా, లేక ఎక్కడో చిక్కుకొని వ్రాయటం మానేస్తుందా అని తేల్చే యంత్రం ఉండదని నిరూపించాడు. దీనిని ప్రోగ్రాము ఆగునా ఆగదా అనే రూపంలో చెప్పటం, దానికి ఆగుడు సమస్య అనే పేరు రావటం తరువాతి కాలంలో జరిగాయి. పాఠ్యపుస్తకాలలో ఈ రూపమే కనబడుతుంది గనుక ఇక్కడ కూడా దానినే వివరించటం జరిగింది.

ఏ ప్రోగ్రాము ఇచ్చినా అది ఎప్పటికైనా ఆగుతుందో, ఆగక తిరుగుతూనే ఉంటుందో తప్పులేకుండా చెప్పే పరీక్షకుడు ఒకడు ఉన్నాడనుకొందాము. అతనిని లోపల ఇముడ్చుకొని పెడసరపు ప్రోగ్రాము ఒకటి తయారుచేద్దాము. దానికి ఏదైనా ప్రోగ్రాము ఇస్తే, అది తన వివరణనే తాను చదివినపుడు ఆగుతుందా అని పరీక్షకుని అడుగుతుంది. ఆగుతుంది అని జవాబు వస్తే ఇది కావాలని ఆగక తిరుగుతుంది. ఆగదు అని జవాబు వస్తే వెంటనే ఆగిపోతుంది. ఇప్పుడు ఈ పెడసరపు ప్రోగ్రాముకు దాని వివరణనే ఇద్దాము. పరీక్షకుడు ఆగుతుంది అంటే అది ఆగదు. ఆగదు అంటే ఆగుతుంది. ఏ జవాబు చెప్పినా తప్పే. కాబట్టి అటువంటి పరీక్షకుడు ఉండటం అసాధ్యం.

దీని ఫలితం ఆగటం, ఆగకపోవటం వద్దనే నిలిచిపోదు. ఒక ప్రోగ్రాము మన కాగితాలను చెరిపివేస్తుందా లేదా అని తప్పక చెప్పే తనిఖీ సాధనం ఒకటి ఉన్నదని ఎవరైనా అన్నారనుకొందాము. మనకు నచ్చిన ప్రోగ్రామును బయటికి హాని చేయలేని విధంగా అనుకరించి, ఆ అనుకరణ ముగిసిన తరువాత మాత్రమే కాగితాలను చెరిపే చిన్న ప్రోగ్రాము వ్రాయవచ్చు. ఇది కాగితాలను చెరుపుతుందా అని సాధనాన్ని అడగటమూ, లోపలి ప్రోగ్రాము ఆగుతుందా అని అడగటమూ ఒకటే. రెండవదానికి జవాబు చెప్పే పద్ధతి లేదు కాబట్టి మొదటిదానికీ లేదు. ప్రోగ్రాముల ప్రవర్తనను గురించిన నిస్సారం కాని ప్రశ్నలన్నింటికీ ఇదే గతి అని హెన్రీ గోర్డన్ రైస్ 1953లో ప్రకటించాడు. కంప్యూటరు వైరసులన్నిటినీ పట్టగల కచ్చితమైన పద్ధతి ఉండదని ఫ్రెడ్ కోహెన్ 1984లో ఇదే బాటలో చూపాడు.

నిజమైన కంప్యూటరుకు అంతులేని పట్టీ ఉండదు, పరిమితమైన జ్ఞాపకమే ఉంటుంది, కాబట్టి ఈ నిరూపణ వర్తించదు కదా అని కొందరికి సందేహం కలుగవచ్చు. సూత్రరీత్యా ఆ సందేహం సరియైనదే. కాని చిన్న కంప్యూటరు జ్ఞాపకానికి సైతం ఉండగల స్థితుల సంఖ్య ఎంత పెద్దదంటే వాటినన్నింటినీ పరిశీలించటానికి సృష్టి వయసు కూడా చాలదు. ఆచరణలో ట్యూరింగ్ చెప్పినదే నిజం.

అమెరికాలో అలోంజో చర్చ్ వేరొక మార్గంలో ఇదే ఫలితాన్ని కొద్ది నెలల ముందే ప్రకటించాడు. అయినా ట్యూరింగ్ పద్ధతి నూతనం కనుక అతని వ్యాసం లండన్ గణిత సంఘం పత్రికలో 1936-37లో వెలువడింది. 1936 సెప్టెంబరులో ట్యూరింగ్ ప్రిన్స్‌టన్ వెళ్ళి, చర్చ్ వద్ద పరిశోధన చేసి 1938లో డాక్టరేటు పొంది స్వదేశానికి తిరిగి వచ్చాడు.

నమ్మదగని ప్రోగ్రాములు, ఏకాంత ఆవరణలు

తనిఖీతో తేలని చోట మిగిలే ఉపాయం వేరుచేయటం. దీనికి కోనసీమ నుండే ఒక పోలిక చెప్పవచ్చు. వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న దిండి మరియు మలికిపురం మండలపు పరిసర గ్రామాలలో రొయ్యలు పెంచేవారు హేచరీ నుండి వచ్చిన పిల్లను చెరువులో వదలేముందు పి.సి.ఆర్. పరీక్ష చేయిస్తారు. ఆ పరీక్ష తెలిసిన రోగాలను పడుతుంది, ఎవరికీ తెలియని రోగాన్ని పట్టలేదు. కాబట్టి పరీక్ష ఒక్కదానినే నమ్ముకొనకుండా చెరువుకు చెరువుకు మధ్య గట్టు, నీటికి వేరు తూములు, పీతలు ప్రాకి రాకుండా గట్టు చుట్టూ వల కట్టే పద్ధతి వచ్చింది. 1990లలో తెల్లమచ్చల వ్యాధి తీరమంతా రొయ్యలను తుడిచిపెట్టిన తరువాత ఈ జాగ్రత్తల విలువ అందరికీ తెలిసింది. ఒక చెరువు పోయినా ప్రక్క చెరువు నిలవాలన్నదే దీని ఉద్దేశం. వైరస్ తనిఖీ సాఫ్టువేరుకు, ఏకాంత ఆవరణకు ఉన్న భేదం సరిగ్గా ఇదే.

కంప్యూటర్లలో ఈ గట్లు ఒక్కసారిగా రాలేదు. ఒకే పెద్ద యంత్రాన్ని అనేకులు పంచుకోవలసి వచ్చినపుడు ఒకరి ప్రోగ్రాము మరొకరి జ్ఞాపకంలోకి చొరబడకుండా కాపలా అవసరమయింది. ట్యూరింగ్ పనిచేసిన మాంచెస్టరులోనే 1962లో ప్రారంభమైన అట్లాస్ కంప్యూటరులో కాల్పనిక జ్ఞాపకం, అందరిపై అజమాయిషీ చేసే పర్యవేక్షక ప్రోగ్రాము ఉండేవి. 1960లలో ఐ.బి.ఎం. సంస్థ ఒకే యంత్రంపై పలు కాల్పనిక యంత్రాలను నడిపే పద్ధతిని రూపొందించి 1972లో వాణిజ్యపరంగా విడుదల చేసింది. ఎటువంటి యంత్రంపై ఇది చక్కగా సాగుతుందో పోపెక్, గోల్డ్‌బర్గ్ అనే ఇద్దరు 1974లో సూత్రీకరించారు. యూనిక్స్‌లో 1979లో ఒక ప్రోగ్రాముకు ఫైళ్ళలో కొంత భాగాన్ని మాత్రమే లోకమంతా అన్నట్లు చూపే సౌకర్యం చేరింది. అది గట్టి చెర కాదు, దాటి పోవటానికి దారులు ఉండేవి.

అంతర్జాలం వచ్చిన తరువాత పరిస్థితి పూర్తిగా మారింది. అంతకు ముందు ప్రోగ్రాము అంటే మనం కొని తెచ్చుకొనేది. ఇప్పుడు ఏ పేజీని తెరిచినా ఎవరో వ్రాసిన ప్రోగ్రాము మన యంత్రంలో అడుగుపెట్టి నడుస్తుంది. 1995లో వెలువడిన జావా ఇటువంటి ప్రోగ్రాములను ఒక కాల్పనిక యంత్రం లోపల నడిపి, ఫైళ్ళను ముట్టుకోనివ్వకుండా కట్టడి చేసింది. ఈ ఆవరణకు ఇసుక పెట్టె అని పేరు. పిల్లలు లోపల ఏమి కట్టినా ఏమి కూల్చినా ఇల్లు పాడుకాదని భావం. 2008లో వచ్చిన గూగుల్ క్రోమ్ బ్రౌజరు పేజీలను వేరువేరు ఇసుక పెట్టెలలో నడపటం ప్రారంభించింది.

ట్యూరింగ్ ఫలితం ఈ ఆవరణల రచనలో రెండు చోట్ల స్పష్టంగా కనబడుతుంది. ఒకటి, లోపలి ప్రోగ్రాము ఎప్పటికి ముగుస్తుందో ముందు తెలియదు గనుక ఆతిథేయి దానికి గడువు పెడుతుంది. గడువు దాటితే కారణం అడగకుండా ఆపివేస్తుంది. రెండు, ముందుగా తనిఖీ చేసే చోట తనిఖీదారు అనుమానం ఉన్నదానినల్లా తిరస్కరిస్తాడు. జావాలోని తనిఖీదారు, లినక్స్ కెర్నెల్ లోపల నడిచే చిన్న ప్రోగ్రాముల తనిఖీదారు ఇద్దరూ ఈ కోవలోని వారే. మంచి ప్రోగ్రాములు కూడా కొన్ని తిరస్కరింపబడతాయి. చెడ్డదానిని లోపలికి రానివ్వకుండా ఉండటానికి చెల్లించే మూల్యం అది.

గట్లకు కూడా బొరియలు పడతాయి. ప్రాసెసర్లు వేగం కోసం ముందుగానే ఊహించి చేసే పనుల జాడ ద్వారా ఒక ఆవరణలోని రహస్యాలు వేరొక ఆవరణకు తెలియవచ్చునని 2018 జనవరిలో బయటపడింది. స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే ఈ లోపాలు అనేక సంవత్సరాలుగా అమ్ముడైన ప్రాసెసర్లలో ఉన్నవే. ట్యూరింగ్ కాగితపు యంత్రంలో ఒక అడుగుకు ఎంత సమయం పట్టిందన్న లెక్క లేదు. నిజమైన యంత్రంలో ఆ సమయమే రహస్యాన్ని చెప్పివేసింది.

యుద్ధకాలం

1938 నుండే ట్యూరింగ్ ప్రభుత్వ గూఢలిపి విభాగానికి తీరిక వేళల్లో పనిచేసేవాడు. యుద్ధం ప్రకటించిన మరునాడు, సెప్టెంబరు 4, 1939న బ్లెచ్లీ పార్కులో పూర్తిగా చేరిపోయాడు. జర్మను సైన్యం వాడిన ఎనిగ్మా యంత్రాన్ని అమర్చగల విధాలు 159 ప్రక్కన 18 సున్నాలు పెట్టినంత. పోలండు గణితవేత్త మరియన్ రెయెవ్‌స్కీ, అతని సహచరులు యుద్ధానికి ముందే ఎనిగ్మా రహస్యాన్ని చాలావరకు ఛేదించి, 1939 జూలైలో ఆ వివరాలను బ్రిటిషు వారికి అందించారు. ఈ సాయం లేనిదే తరువాతి కథ లేదు.

ట్యూరింగ్ రూపొందించిన బాంబ్ అనే విద్యుత్ యంత్రం 1940 మార్చిలో పని ప్రారంభించింది. సందేశంలో ఉండదగిన మాట ఒకటి ఊహించి, ఎనిగ్మా అమరిక ఇది అనుకొంటే ఏదైనా వైరుధ్యం వస్తుందా అని యంత్రం చూసేది. వైరుధ్యం వచ్చిన అమరికలను త్రోసివేసి మిగిలిన కొద్దింటిని మనుషులకు వదిలేది. గోర్డన్ వెల్చ్‌మన్ చేసిన సవరణతో దీని వేగం ఎంతో పెరిగింది. యుద్ధం ముగిసేనాటికి ఇటువంటి యంత్రాలు రెండు వందలకు పైగా ఉన్నాయి. అట్లాంటిక్ మహాసముద్రంలో జలాంతర్గాములకు వెళ్ళే నౌకాదళ సందేశాలను ఛేదించే ఎనిమిదవ కుటీరానికి ట్యూరింగ్ నాయకుడు. సిబ్బంది కొరత గురించి 1941 అక్టోబరులో ముగ్గురు సహచరులతో కలిసి నేరుగా ప్రధానమంత్రి చర్చిల్‌కే లేఖ వ్రాయగా, ఆయన వెంటనే కావలసినవన్నీ సమకూర్చమని ఆదేశించాడు.

బ్లెచ్లీ పార్కులో ఒక కుటీరంలో పనిచేసేవారికి ప్రక్క కుటీరంలో ఏమి జరుగుతుందో తెలియదు. ఎవరికి ఎంత అవసరమో అంతే చెప్పేవారు. 1974 వరకు ఈ రహస్యం ప్రజలకు తెలియలేదు. 1946లో ట్యూరింగ్‌కు ఓ.బి.ఇ. బిరుదు ఇచ్చినపుడు ఎందుకు ఇచ్చారో అతని తల్లికి కూడా వివరంగా తెలిసే వీలు లేకపోయింది.

అతని అలవాట్ల గురించి అనేక కథలు ఉన్నాయి. పుప్పొడి పడక జలుబు చేస్తుందని విషవాయువుల ముసుగు ధరించి సైకిలు త్రొక్కేవాడు. టీ త్రాగే కప్పును ఎవరూ తీసుకుపోకుండా గొలుసుతో కట్టి ఉంచేవాడు. దూర పరుగులో దిట్ట. 1947లో మారథాన్‌ను 2 గంటల 46 నిమిషాలలో పూర్తిచేసాడు. సహోద్యోగిని జోన్ క్లార్క్‌తో 1941లో వివాహం నిశ్చయమయింది. తన స్వభావం ఆమెకు చెప్పాడు, కొద్దికాలానికి తానే ఆ నిశ్చయాన్ని విరమించుకొన్నాడు. వారి స్నేహం మాత్రం చెడలేదు.

కంప్యూటర్ల నిర్మాణం

1945లో జాతీయ భౌతిక ప్రయోగశాలలో చేరి ఏస్ అనే కంప్యూటరుకు సమగ్రమైన నమూనా తయారుచేసాడు. పనులు ఆలస్యం కావటంతో విసిగి 1948లో మాంచెస్టరు విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. ఏస్ చిన్న నమూనా 1950 మే నెలలో నడిచింది. మాంచెస్టరులో 1948 జూన్ 21న జ్ఞాపకంలో నిలవచేసిన ప్రోగ్రాము మొదటిసారిగా నడిచి ఉన్నది. ఆ వంశానికి చెందిన ఫెరాంటి కంప్యూటరుకు ప్రోగ్రాములు వ్రాసే విధానంపై ట్యూరింగ్ కరదీపిక రచించాడు.

1949 జూన్‌లో కేంబ్రిడ్జి సమావేశంలో అతడు చదివిన చిన్న పత్రం అంతగా ప్రసిద్ధి పొందలేదు గాని ప్రస్తుత విషయానికి చాలా ముఖ్యమైనది. పెద్ద ప్రోగ్రాము సరియైనదని తనిఖీదారును ఒప్పించటం ఎలా అన్నది ఆ పత్ర విషయం. ప్రోగ్రాము వ్రాసినవాడే నడుమ నడుమ నిజం కావలసిన వాక్యాలను వ్రాసి ఇవ్వాలి. తనిఖీదారు వాటిని ఒక్కొక్కటిగా సరిచూస్తాడు. ప్రోగ్రాము ఆగుతుందని చూపటానికి అడుగడుగునా తగ్గుతూ పోయే రాశి ఒకటి చూపాలి. అన్ని ప్రోగ్రాములకూ సరిపోయే పరీక్షకుడు లేడని 1936లో చెప్పినవాడే, ఒక్కొక్క ప్రోగ్రాముకు దాని కర్తయే ఋజువు వెంట తేవచ్చునని పదమూడేళ్ళ తరువాత దారి చూపాడు. 1990లలో ఋజువును వెంట తెచ్చే ప్రోగ్రాములు అనే పరిశోధన ఈ ఆలోచనకు దగ్గరి చుట్టం.

1950లో మైండ్ అనే పత్రికలో యంత్రాలు ఆలోచించగలవా అన్న ప్రశ్నపై వ్రాసిన వ్యాసం నుండి ట్యూరింగ్ పరీక్ష పుట్టింది. 1951లో రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నికయ్యాడు. 1952లో జంతువుల చర్మంపై మచ్చలు, చారలు ఎలా ఏర్పడతాయో రసాయన సమీకరణాలతో వివరించాడు. అదే సంవత్సరం ఎలిక్ గ్లెన్నీతో చదరంగం ఆడుతూ, తాను, ఛాంపర్నౌన్ కలిసి రచించిన ప్రోగ్రాము ప్రకారం ప్రతి ఎత్తునూ కాగితంపై లెక్కించి వేసాడు. కంప్యూటరు లేక తానే కంప్యూటరయ్యాడు. ఆటలో ప్రోగ్రాము ఓడిపోయింది.

విచారణ, మరణం

1952 ఆరంభంలో ట్యూరింగ్ ఇంట దొంగతనం జరిగింది. ఆ ఫిర్యాదుపై విచారించిన పోలీసులకు అతనికి ఒక యువకునితో ఉన్న సంబంధం తెలిసింది. పురుషుల మధ్య అటువంటి సంబంధం 1885 నాటి చట్టం ప్రకారం నేరం. ట్యూరింగ్ దేనినీ దాచలేదు. మార్చి 31, 1952న న్యాయస్థానం జైలుకు బదులుగా ఒక సంవత్సరం హార్మోను చికిత్సకు షరతు విధించగా అంగీకరించాడు. ఆ మందుల వలన శరీరం మార్పులకు లోనయింది. అంతకంటే పెద్ద దెబ్బ, ప్రభుత్వ గూఢలిపి పనికి అతనిని ఇక అనుమతించకపోవటం. యుద్ధకాలమంతా దేశ రహస్యాలను మోసినవాడు రాత్రికి రాత్రే నమ్మదగనివాడయ్యాడు. అతడు ఏ రహస్యమైనా బయటపెట్టినట్లు ఆధారం ఎన్నడూ లేదు.

జూన్ 8, 1954న విల్మ్‌స్లోలోని ఇంట పనిమనిషి అతనిని మృతునిగా చూసింది. మరణం ముందురోజు సంభవించినట్లు నిర్ణయించారు. కారణం సైనైడు విషం. మంచం ప్రక్కన కొరికిన ఆపిల్ పండు ఉన్నది గాని దానిలో విషం ఉన్నదో లేదో పరీక్షించలేదు. ఆత్మహత్య అని విచారణాధికారి తీర్పు చెప్పాడు. ఇంటిలో రసాయన ప్రయోగాలు చేసే అజాగ్రత్త వలన జరిగిన ప్రమాదమని తల్లి నమ్మింది. తీర్పుకు ఆధారాలు చాలవని తరువాతి పరిశోధకులలో కొందరు అభిప్రాయపడ్డారు. అప్పటికి అతని వయసు 41 సంవత్సరాలు.

మరణానంతరం

2009 సెప్టెంబరులో బ్రిటన్ ప్రధానమంత్రి గోర్డన్ బ్రౌన్ ట్యూరింగ్ పట్ల జరిగినదానికి ప్రభుత్వ పక్షాన క్షమాపణ చెప్పాడు. డిసెంబరు 24, 2013న రాణి క్షమాభిక్ష ప్రకటించింది. అదే విధంగా శిక్షింపబడిన వేలాదిమందికి 2017లో చట్టం ద్వారా క్షమాభిక్ష లభించింది. బ్రిటిషు వారు మన దేశంలో 1860లో ప్రవేశపెట్టిన శిక్షాస్మృతిలోని 377వ సెక్షను కూడా ఇటువంటిదిగానే ఉండేది. వయోజనుల పరస్పర అంగీకారం ఉన్న సందర్భాలకు అది వర్తించదని భారత సుప్రీంకోర్టు సెప్టెంబరు 6, 2018న తీర్పు ఇచ్చింది. జూన్ 23, 2021న, ట్యూరింగ్ పుట్టినరోజునాడు, అతని చిత్రంతో 50 పౌండ్ల నోటు చలామణిలోకి వచ్చింది.

కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైనదిగా భావించే ట్యూరింగ్ పురస్కారాన్ని 1966 నుండి ఏటా ప్రదానం చేస్తున్నారు. కాల్పనిక యంత్రాలు, గూఢలిపి, ప్రోగ్రాముల ఋజువులపై కృషి చేసిన పలువురు దీనిని అందుకొన్నారు. 1994లో ఈ పురస్కారాన్ని ఎడ్వర్డ్ ఫీగెన్‌బామ్‌తో కలిసి చిత్తూరు జిల్లా కాటూరుకు చెందిన రాజ్ రెడ్డి అందుకొన్నాడు. ఆసియా ఖండంలో పుట్టినవారిలో ఈ గౌరవం పొందిన మొదటివాడు అతడే.